రెస్టారెంట్ సర్వర్లకు మంచి టిప్పు రావాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో, విజయవాడలో రెస్టారెంట్లలో కొత్తగా చేరినవాళ్ళకు డైనింగ్ హాల్ పని నేర్పుతుంటాను. బ్రీఫింగ్‌లో అందరి ముందూ ఎవరూ టిప్పు మాట ఎత్తరు. షిఫ్ట్ అయ్యాక పక్కకు వచ్చి అడుగుతారు. అలా పదే పదే విన్న ప్రశ్నలే ఇవి. బిర్యానీ రెస్టారెంట్లు, ఆంధ్రా మీల్స్ హోటళ్ళు, ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్లను దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను. స్టార్ హోటళ్ళ పద్ధతులు కొంత వేరుగా ఉంటాయి.

టిప్పు అసలు దేన్నిబట్టి వస్తుంది?

మన దగ్గర బిల్లులో ఇంత శాతం టిప్పు ఇవ్వాలనే లెక్క చాలామందికి లేదు. ఆరు వందల బిల్లుకు యాభై ఇచ్చినాయనే మూడు వేల బిల్లుకు కూడా యాభై పెట్టి వెళ్ళొచ్చు. కొందరు మొదటినుంచీ ఇవ్వరు, కొందరు ఏమైనా ఇస్తారు. ఈ రెండు రకాలవాళ్ళనూ మీరు మార్చలేరు. మీ చేతిలో ఉన్నది మధ్యలోవాళ్ళు. ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎంత అన్నది తిన్న తర్వాత తేల్చుకునేవాళ్ళు.

వాళ్ళ మనసులో మిగిలేది ఒకటే: మిమ్మల్ని ఎన్నిసార్లు పిలవాల్సి వచ్చింది? నీళ్ళకోసం చెయ్యెత్తారు, రైతా కోసం మెడ తిప్పి వెతికారు, బిల్లుకోసం "బాబూ" అని రెండుసార్లు కేకేశారు. ఇలా జరిగితే వంట ఎంత బాగున్నా చెయ్యి జేబులోకి పోదు. అదే వాళ్ళు అడగాలనుకునే లోపే మీరు పక్కన ఉంటే, ఎందుకో తెలియకుండానే ఆ భోజనం వాళ్ళకు హాయిగా గడుస్తుంది. మన ఇళ్ళలో పెళ్ళి పంక్తిలో వడ్డించే పెద్దవాళ్ళను గమనించండి. విస్తరి వంక చూస్తూ నడుస్తారు, మనిషి నోరు తెరిచేదాకా ఆగరు. కింద రాసినవన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరిగేవే.

కస్టమర్ వచ్చి కూర్చున్న మొదటి రెండు మూడు నిమిషాల్లో ఏం చెయ్యాలి?

మిమ్మల్ని చూశాను అని తెలియజెయ్యాలి. ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయి, మీ చేతిలో నాలుగు ప్లేట్లు ఉన్నా సరే, దాటి వెళ్తూ వాళ్ళ కళ్ళలోకి చూసి "రెండు నిమిషాలు సార్, ఇప్పుడే వస్తా" అంటే చాలు. పది నిమిషాలైనా ఓపిగ్గా కూర్చుంటారు. ఆ ఒక్క మాట లేకపోతే మూడో నిమిషంలోనే చిరాకు మొదలవుతుంది.

టేబుల్ వాళ్ళు కూర్చోకముందే తుడిచి ఉండాలి. తుడిచే గుడ్డ వాసన వస్తుంటే తుడవకపోవడమే మేలు. ఒక్కో షిఫ్ట్‌కు రెండు గుడ్డలు ఉతికినవి దగ్గర పెట్టుకోండి. నీళ్ళ దగ్గర చాలామంది తప్పు చేస్తారు: సీసా మూత తిప్పేసి, గ్లాసులో పోసేసి తర్వాత బిల్లులో వేస్తారు. "బాటిల్ తెమ్మంటారా, మామూలు నీళ్ళా?" అని అడగండి. అది ఇరవై రూపాయల విషయమే కావచ్చు, కానీ తనకు తెలియకుండా బిల్లు పెంచారని కస్టమర్‌కు ఒకసారి అనిపిస్తే మిగతా గంటంతా మిమ్మల్ని అనుమానంగానే చూస్తాడు.

సార్, మేడమ్ అనాలా? అన్నా, అమ్మా అనొచ్చా?

మొదట సార్, మేడమ్. తర్వాత వాళ్ళ మాటతీరును బట్టి. తెలంగాణలో కుర్రాళ్ళ గుంపు "అన్నా, ఇంకో రోటీ" అంటుంటే మీరూ అన్నా అనొచ్చు. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన పెద్దాయన "ఏవండీ" అంటే మీరూ అండీ కలపండి. పెద్దావిడను "అమ్మా" అంటే ఎవరూ తప్పు పట్టరు. ముప్పై అయిదేళ్ళ ఆవిడను "ఆంటీ" అంటే మాత్రం ఆ టేబుల్ టిప్పు అక్కడితో పోయినట్టే. హైదరాబాద్ పాతబస్తీ వైపు కుటుంబాలతో హిందీ, ఉర్దూ కలిసిన మాట రావాలి. నాలుగు ముక్కలైనా నేర్చుకోండి. ఒడిశా, బెంగాల్, అస్సాం నుంచి వచ్చి పనిచేస్తున్నవాళ్ళకు నేను చెప్పేది తిరగేసి ఇదే: తెలుగులో "కొంచెం వేసేదా అమ్మా?" అన్న ఒక్క వాక్యం వచ్చినా ముసలివాళ్ళ ముఖం విప్పారుతుంది.

ఆర్డర్ తీసుకునేటప్పుడు ఏ జాగ్రత్తలు టిప్పును పెంచుతాయి?

చెప్పింది చెప్పినట్టు తిరిగి చదవండి. "ఒక ఫుల్ చికెన్ బిర్యానీ, ఒక అపోలో ఫిష్, కారం తక్కువ, రెండు బటర్ నాన్, అంతే కదా సార్?" నెదర్లాండ్స్‌లో 2003లో వచ్చిన ఒక పరిశోధన, కస్టమర్ మాటలనే మాట తప్పకుండా తిరిగి చెప్పిన వెయిట్రెస్‌కు టిప్పు ఎక్కువ వచ్చిందని తేల్చింది. పరిశోధన సంగతి అలా ఉంచినా, కేఓటీ (కిచెన్‌కు పంపే ఆర్డర్ చీటీ) తప్పు పడకుండా ఉండటానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. తప్పు ప్లేటు టేబుల్ మీదికి వచ్చి వెనక్కి వెళ్ళిందంటే ఆ పదిహేను నిమిషాలూ పోయినట్టే.

ఎంత వస్తుందో నిజం చెప్పండి. నలుగురు కూర్చుని నాలుగు ఫుల్ బిర్యానీలు చెప్తుంటే, మీ దగ్గర ఒక ఫుల్ ఇద్దరికి సరిపోయేదైతే, "రెండు చాలు సార్, తక్కువైతే తర్వాత ఒక సింగిల్ తెస్తా" అనండి. బిల్లు తగ్గుతుంది, నిజమే. కానీ ఆ మాటతో మీరు వాళ్ళ మనిషి అయిపోతారు. ఆ తర్వాత "స్టార్టర్ ఏది బాగుంటుంది?" అని మిమ్మల్నే అడుగుతారు, మీరు చెప్పిందే తెప్పించుకుంటారు. మళ్ళీ వచ్చినప్పుడు మీ సెక్షన్ ఎక్కడుందో వెతుక్కుని కూర్చుంటారు. నేను చూసినవాళ్ళలో నిలకడగా మంచి టిప్పు సంపాదించే సర్వర్లందరికీ ఈ అలవాటు ఉంది.

ఇంకో మూడు సంగతులు అడిగి తీరాలి. కారం: ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళకు, విదేశాల్లో పెరిగిన పిల్లలకు మన గోంగూర మటన్ కారం ముందే చెప్పండి. పడనివి: మన గ్రేవీల్లో జీడిపప్పు ముద్ద, సాలన్‌లో పల్లీలు ఉంటాయి, పడనివాళ్ళకు అది ప్రాణం మీదికి వచ్చే విషయం. తెలియకపోతే ఊహించి చెప్పకండి, కిచెన్‌లో అడిగి వచ్చి చెప్పండి. మూడోది నియమాలు. కార్తీక మాసంలో, శనివారాల్లో, మాల వేసుకున్నవాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడు చాలామంది ఉల్లి, వెల్లుల్లి, మాంసం ముట్టరు. వెజ్ ప్లేటు నాన్‌వెజ్ ప్లేటుతో కలిపి ఒకే చేత్తో తెచ్చినా వాళ్ళ మనసు కష్టపడుతుంది. రంజాన్ నెలలో సాయంత్రం ఉపవాసంతో వచ్చి కూర్చున్నవాళ్ళకు మగ్రిబ్‌కు (సూర్యాస్తమయం నమాజుకు) ముందే ఖర్జూరం, నీళ్ళు టేబుల్ మీద ఉండాలి. హలీమ్ ఆర్డర్ తర్వాత తీసుకోవచ్చు. ఆ నిమిషానికి నీళ్ళు అందించిన సర్వర్‌ను వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు.

ఖరీదైన ఐటమ్స్ అమ్మితే టిప్పు పెరుగుతుందా?

అమెరికాలో టిప్పు బిల్లులో శాతం కాబట్టి అక్కడ పెరుగుతుంది. ఇక్కడ బిల్లు మరీ పెరిగితే టిప్పు తగ్గడమూ చూశాను. అందుకే బలవంతంగా అంటగట్టకండి. తిండి మధ్యలో "ఇంకో రెండు రోటీలు వేడిగా తెమ్మంటారా?" అనడం, చివర్లో "ఖుబానీ కా మీఠా ఇవాళ బాగా కుదిరింది, ఒకటి తెస్తా, ఇద్దరు తినొచ్చు" అనడం వాళ్ళకు పనికొచ్చే మాటలు. మెనూలో ఏది బాగోలేదో మీకు తెలుసు. దాన్ని అమ్మమని పైనుంచి చెప్పినా, అడిగినవాళ్ళకు బాగుందని మాత్రం చెప్పకండి.

నాది మీల్స్ సెక్షన్. అక్కడ టిప్పులే రావు, ఏం చెయ్యాలి?

నిజమే, అన్‌లిమిటెడ్ మీల్స్‌లో టోకెన్ ముందే కొనేసి వస్తారు, తిని చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతారు. అయినా వడ్డన మీద మన జనానికి ఉన్నంత పట్టింపు మరి దేనిమీదా లేదు. బాగా వడ్డించేవాడికి మీల్స్ సెక్షన్‌లోనూ జేబు నిండుతుంది.

పప్పు వేశాక నెయ్యి ఆలస్యం కాకూడదు. అన్నం చల్లారాక నెయ్యి వేస్తే ఎంత వేసినా వేసినట్టుండదు. పొడి, ఆవకాయ, గోంగూర ఆకు మీద ఉన్నాయో లేదో చూసి అన్నం వెయ్యండి. సాంబారు బకెట్టు పట్టుకుని వచ్చేముందు "ఇంకొంచెం పప్పు వేసేదా?" అని ఒకసారి అడగండి, ఎందుకంటే సాంబారు పడ్డాక ఎవరూ పప్పు అడగరు, అడగలేకపోయామని మాత్రం అనుకుంటారు. చారు కలుపుకునేవాళ్ళకు అన్నంలో చిన్న గుంట చేసుకునే వ్యవధి ఇచ్చి పొయ్యండి. పెరుగన్నం దగ్గర మళ్ళీ ఊరగాయ చూపించండి. వద్దని చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళకు ఒకసారి నవ్వి "కొంచెమే" అనొచ్చు. రెండోసారి చెయ్యి అడ్డం పెడితే ఆగిపోండి. కొసరడానికీ, విసిగించడానికీ తేడా అంతే.

గరిటె ఆకుకు తగలకుండా, పక్కవాళ్ళ బట్టల మీద చుక్క పడకుండా వడ్డించడం వారం రోజుల సాధనతో వస్తుంది. ఒంటరిగా వచ్చే ముసలాయనలు మీల్స్ హోటళ్ళకు ఎక్కువ. ఇంట్లో వండిపెట్టే మనిషి లేక వస్తుంటారు కొందరు. వాళ్ళకు అన్నం మెత్తగా ఉన్నచోట నుంచి తీసి వెయ్యండి. నెలకు ఒకసారి చేతిలో వంద పెట్టి భుజం తట్టి వెళ్తారు.

పిల్లలతో వచ్చే కుటుంబాలతో ఎలా ఉండాలి?

పిల్లల తిండి ముందు రావాలి. అందరి ఆర్డర్‌తో పాటు కాకుండా "పాపకు ఏమైనా ముందు తెప్పించేదా అమ్మా?" అని అడగండి. కారం లేని ఫ్రైడ్ రైస్, పెరుగన్నం, ఇడ్లీ ఏదైనా ముందు కేఓటీ వేసెయ్యండి. పాప ఊరుకుంటే టేబుల్ అంతా ఊరుకుంటుంది. చిన్న చెంచా, అదనంగా టిష్యూలు, స్టీలు గ్లాసు వాళ్ళు అడగకుండానే పెట్టండి. గాజు గ్లాసు పిల్లల చేతికి అందనిచోటికి జరపండి.

ఇక ఎవరూ పట్టించుకోని మనిషి ఒకరుంటారు: పిల్లాడికి తినిపిస్తున్న తల్లి. అందరూ తింటుంటే ఆవిడ ప్లేటు చల్లారిపోతుంటుంది. "మీ రోటీ తర్వాత వేడిగా తెస్తాను మేడమ్, ముందు బాబుకు పెట్టండి" అని చెప్పి, నిజంగానే పది నిమిషాల తర్వాత వేడిగా తెచ్చి పెట్టండి. ఆ బిల్లు ఎవరు కట్టినా సరే, టిప్పు ఎంత పెట్టాలో ఆవిడే చెప్తుంది. ఇది నేను ఎన్ని హాళ్ళలో చూశానో.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను లోతుగా కుంగిపోయే సోఫాలో కాకుండా కుర్చీలో కూర్చోబెట్టండి, ఏసీ గాలి నేరుగా తగలనిచోట. గోరువెచ్చటి నీళ్ళు కావాలా అని అడగండి.

కిచెన్ ఆలస్యం చేస్తే నా టిప్పు పోతుంది. నా తప్పు లేదు కదా?

మీ తప్పు లేదు, కానీ కస్టమర్‌కు కనిపించే ముఖం మీదే. ఆలస్యం తెలిసిన క్షణంలో మీరే వెళ్ళి చెప్పండి: "తందూర్ దగ్గర రద్దీగా ఉంది సార్, కబాబ్‌కు ఇంకో పావుగంట పడుతుంది. ఈలోపు సూప్ తెమ్మంటారా?" అయిదు నిమిషాల్లో వస్తుందని అబద్ధం చెప్పి మాయమవడం అన్నిటికన్నా చెడ్డ పని.

తిండిలో వెంట్రుక వచ్చినా, మాంసం ఉడకకపోయినా వాదించకండి. "చూడనివ్వండి" అంటూ ప్లేటులోకి తొంగిచూడకండి. క్షమించమని చెప్పి, ప్లేటు తీసేసి, కెప్టెన్‌కు (సర్వర్ల మీద ఉండే సీనియర్‌కు) చెప్పి, కొత్తది తెప్పించండి. మిగతావాళ్ళు తింటుంటే ఆయన ఖాళీగా కూర్చోకుండా ఏదో ఒకటి ముందు పెట్టండి. కొత్త ప్లేటు పెట్టి రెండు ముద్దలు తిన్నాక వెళ్ళి "ఇప్పుడు బాగుందా సార్?" అని అడగండి. గొడవతో మొదలైన టేబుల్ దగ్గరే మంచి టిప్పు రావడం కొత్తవాళ్ళకు ఆశ్చర్యంగా ఉంటుంది. తన మాట విని సరిదిద్దిన మనిషి మీద ఎవరికైనా గౌరవం కలుగుతుంది.

బిల్లు ఇచ్చేటప్పుడు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు?

అడగకుండా బిల్లు పెట్టకండి, అడిగాక ఆలస్యం చెయ్యకండి. చివరి ప్లేటు తీసేటప్పుడే బిల్లు ఒకసారి మీరు చదివి చూసుకోండి. రాని నాన్‌కు డబ్బు వేసి ఉంటే కస్టమర్ కన్నా ముందు మీ కంటపడాలి.

బిల్లు ఎవరి ముందు పెట్టాలన్నది మన దగ్గర చిన్న విషయం కాదు. చుట్టాలు వచ్చారంటే "నేనిస్తా, కాదు నేనిస్తా" అని లాక్కోవడం ఉంటుంది. ముందే ఒకరు పక్కకు వచ్చి "బిల్లు నాకే ఇవ్వు" అని చెప్పి ఉంటే మాట నిలబెట్టండి, ఇంకెవరు ఎంత అడిగినా. ఎవరూ చెప్పకపోతే టేబుల్ మధ్యలో పెట్టండి. మగాయన ముందే పెట్టాలన్న అలవాటు మానుకోండి. ఆఫీసు టీమ్‌ను తీసుకొచ్చిన మేడమ్ ఉండగా ఆమె కింద పనిచేసే కుర్రాడి ముందు బిల్లు ఫోల్డర్ పెడితే ఆవిడకు ఎలా ఉంటుందో ఆలోచించండి.

నగదు ఇస్తే చిల్లర పూర్తిగా, పైసా మిగుల్చుకోకుండా తిరిగి తెండి. 1,340 బిల్లుకు మూడు 500 నోట్లు ఇచ్చారనుకోండి. 160 తిరిగి రావాలి. ఒక వంద, మూడు ఇరవైలుగా తెస్తే ఇవ్వాలనుకున్నవాళ్ళకు వీలుగా ఉంటుంది. వందా, యాభై, పదీ అయితే పది మిగిల్చి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. "చిల్లర లేదు సార్" అని నిలబడటం, నాణేలు ఉంచేసుకోవడం వద్దు. అది టిప్పు కాదు. ఇష్టం లేకుండా పోయిన పది రూపాయలను కస్టమర్ మరిచిపోడు.

ఫోల్డర్ పెట్టి పక్కకు తప్పుకోండి. ఎదురుగా నిలబడి చూడకండి, వాళ్ళు లేవకముందే ఫోల్డర్ తెరవకండి. సోంపు, పటిక బెల్లం గిన్నె బిల్లుతోనే రావాలి, ఫింగర్ బౌల్ నీళ్ళు వేడిగా ఉండాలి. పది పెట్టినా, అయిదు వందలు పెట్టినా, ఏమీ పెట్టకపోయినా తలుపు దాకా అదే ముఖంతో "మళ్ళీ రండి సార్" అనండి. ఈసారి పెట్టనివాళ్ళలో కొందరు మళ్ళీసారి పెడతారు.

యూపీఐ వచ్చాక టిప్పులు పడిపోయాయి. ఏదైనా దారి ఉందా?

పడిపోయిన మాట నిజం. 2016లో యూపీఐ మొదలైనప్పుడు ఎవరూ ఊహించలేదు కానీ, ఇప్పుడు రూపాయితో సహా సరిగ్గా కట్టేసి లేచిపోతున్నారు. చిల్లర అనేదే టేబుల్ మీదికి రావడం లేదు. జేబులో నోటు లేనివాళ్ళే ఎక్కువ.

మొదట మీ యాజమాన్యంతో మాట్లాడండి. స్టాఫ్ కోసం ఒక ప్రత్యేక క్యూఆర్ కోడ్ ఫోల్డర్‌లో పెట్టించుకుని, వచ్చినది వారానికోసారి పంచే ఏర్పాటు అన్నిటికన్నా మంచిది. కార్డు మెషీన్లలో టిప్పు కలిపే వీలు కొన్నిటికి ఉంటుంది, మీ మెషీన్‌లో ఉందో లేదో క్యాష్ కౌంటర్‌లో అడగండి. అలాంటి ఏర్పాటేమీ లేనిచోట మీ సొంత క్యూఆర్ టేబుల్ మీద పెట్టకండి, బిల్లు డబ్బు మళ్ళిస్తున్నారన్న అనుమానం వస్తే ఉద్యోగమే పోతుంది. కస్టమరే "క్యాష్ లేదు తమ్ముడూ, నీకెలా ఇవ్వాలి?" అని అడిగితే, మీ హోటల్ నియమం ఒప్పుకుంటే, అప్పుడు ఫోన్ చూపించండి.

టిప్పు అడగొచ్చా?

వద్దు. మాటతో అడగొద్దు, చూపుతో కూడా అడగొద్దు. చేతులు నలుపుకుంటూ నిలబడటం, "హ్యాపీయేనా సార్?" అని ఒకటికి రెండుసార్లు అనడం అడగడమే. మీరు చేసింది గౌరవమైన పని. దానికి మెచ్చి ఇచ్చే డబ్బును తలెత్తుకుని తీసుకోవాలి. అడిగితే ఆ రోజుకు ఇరవై ఎక్కువ రావచ్చు, ఆ కస్టమర్ మాత్రం మళ్ళీ మీ టేబుల్‌కు రాడు.

బిల్లులో సర్వీస్ ఛార్జ్ ఉంటే కస్టమర్‌కు ఏం చెప్పాలి?

కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సర్వీస్ ఛార్జ్‌ను దానంతటదే బిల్లులో కలపకూడదు. వేరే పేరుతోనూ వసూలు చెయ్యకూడదు. ఇవ్వడం కస్టమర్ ఇష్టం. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకు వెళ్తే, ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలనే సమర్థించారు. ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915 ఉందని మీ కస్టమర్లకు తెలుసు. కాబట్టి ఎవరైనా తీసెయ్యమంటే వాదన పెట్టుకోకుండా కెప్టెన్‌కు చెప్పి తీయించండి.

జీఎస్టీ వేరు, అది పన్ను. చాలా రెస్టారెంట్లలో 5 శాతం ఉంటుంది, అందులోంచి మీకు ఏమీ రాదు. "ట్యాక్స్ కట్టాం కదా, అందులో మీకు వస్తుందిగా" అనుకునే కస్టమర్లు ఉన్నారు. అడిగితే ఓపిగ్గా చెప్పండి.

సర్వర్ వైపు నుంచి చూస్తే, ఛార్జ్ వేసినచోట టిప్పు రాదు, ఛార్జ్‌లో ఎంత మన దాకా వస్తుందో కూడా చెప్పలేం. నా మటుకు నాకు, మనస్ఫూర్తిగా చేతిలో పెట్టేదే ఎక్కువ.

బిల్లు మీద థాంక్యూ రాస్తే, చాక్లెట్లు ఇస్తే టిప్పు పెరుగుతుందంటారు. నిజమేనా?

అమెరికాలో వీటిమీద చాలా పరిశోధనలు జరిగాయి. కోర్నెల్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ మైఖేల్ లిన్ ఏళ్ళ తరబడి టిప్పుల మీదే పనిచేశారు. 2002లో ఆయనా, మరికొందరూ కలిసి ప్రచురించిన ప్రయోగంలో, బిల్లుతో పాటు చాక్లెట్ ఇచ్చిన టేబుళ్ళలో టిప్పు పెరిగింది. ఒకటి ఇచ్చి, వెళ్ళబోతూ ఆగి, ఇంకొకటి ఇచ్చినప్పుడు అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది. 1996లో వచ్చిన ఇంకో ప్రయోగంలో బిల్లు మీద నవ్వు ముఖం గీస్తే వెయిట్రెస్‌కు పెరిగింది, వెయిటర్‌కు పెరగలేదు.

అక్కడ టేబుల్ పక్కన గొంతుక్కూర్చుని మాట్లాడటం, భుజం మీద తేలిగ్గా తాకడం కూడా పనిచేశాయని చదివాను. ఇక్కడ అవి వద్దే వద్దు. కస్టమర్‌ను తాకడం మన దగ్గర అమర్యాద. చాక్లెట్ బదులు మన దగ్గర సోంపు ఉంది, పిల్లలకు విడిగా కొంచెం పటిక బెల్లం అరచేతిలో పెడితే అదే పని చేస్తుంది. పేరు చెప్పుకోవడం మాత్రం ఇక్కడా పనికొస్తుంది: "నా పేరు రమేష్ సార్, ఏం కావాలన్నా పిలవండి." పేరుతో పిలిచిన మనిషికి ఏమీ ఇవ్వకుండా వెళ్ళడం కష్టం.

గూగుల్ రివ్యూలో నా పేరు రాయమని అడగొచ్చా?

కస్టమర్ తానుగా మెచ్చుకుంటే, అప్పుడు ఒక్కసారి. "మీ మాట రివ్యూలో రాస్తే మా మేనేజర్ చూస్తారు సార్" అనండి. తింటున్నప్పుడు ఫోన్ ముందుకు చాచి అయిదు స్టార్లు నొక్కించడం టిప్పుకు గొడ్డలిపెట్టు. రివ్యూకు ఇన్సెంటివ్ ఇచ్చే హోటళ్ళు ఉన్నాయి, అక్కడ కూడా ఇదే వరస.

టిప్పులన్నీ ఒక డబ్బాలో వేసి పంచుతారు. ఎలా పంచితే న్యాయం?

పాయింట్ల లెక్క అందరికీ అర్థమయ్యేది. ఉదాహరణకు కెప్టెన్‌కు ఒకటిన్నర, సర్వర్‌కు ఒకటి, ప్లేట్లు తీసే హెల్పర్‌కు అర పాయింట్ అనుకుందాం. ఇద్దరు కెప్టెన్లు, ఆరుగురు సర్వర్లు, ఆరుగురు హెల్పర్లు ఉంటే మొత్తం 12 పాయింట్లు. డబ్బాలో 6,000 ఉంటే పాయింట్‌కు 500. కెప్టెన్‌కు 750, సర్వర్‌కు 500, హెల్పర్‌కు 250. కిచెన్‌కు, గిన్నెలు కడిగేవాళ్ళకు వాటా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. బిర్యానీ బాగుండటం వల్ల వచ్చిన టిప్పు మీ ఒక్కరిదే ఎలా అవుతుంది?

డబ్బా ఇద్దరి ఎదుట తెరవాలి, లెక్క పుస్తకంలో రాసి అందరికీ కనిపించేలా పెట్టాలి. చేతిలో పెట్టినది జేబులో దాచుకునేవాళ్ళు ప్రతి టీమ్‌లో ఉంటారు, అది బయటపడ్డాక ఎవరూ వాళ్ళ టేబుల్‌కు సాయం రారు. హెల్పర్ ప్లేట్లు త్వరగా తీస్తేనే రాత్రి ఎనిమిది నుంచి పదకొండు లోపు మీ టేబుల్‌కు రెండు బదులు మూడు గుంపులు కూర్చుంటాయి. వాటా ఇవ్వడంలో మీ లాభం కూడా ఉంది.

బార్ సెక్షన్‌లో?

టిప్పు ఎక్కువే. పెగ్గు టేబుల్ ముందే కొలిచి పొయ్యండి, 30 మి.లీ. అంటే 30, 60 అంటే 60. సీసా లేబుల్ చూపించండి. మొదటి గంటలో మంచిగా ఉన్నవాడు మూడో గంటలో వేరే మనిషి కావచ్చు, గొంతు పెరగకముందే కెప్టెన్‌కు చెప్పండి. మత్తులో ఎక్కువ నోట్లు పెడితే వెంట ఉన్నవాళ్ళకు చూపించి తీసుకోండి. మర్నాడు గొడవ రాదు.

నేను అమ్మాయిని. టిప్పు పేరుతో కొందరు హద్దు మీరుతున్నారు.

ఏ టిప్పు కోసమూ ఏదీ భరించనక్కర్లేదు. నంబర్ అడిగినా, చెయ్యి పట్టుకున్నా, నోటు ఇస్తూ వెకిలి మాట అన్నా ఆ టేబుల్ వదిలేసి కెప్టెన్‌కు చెప్పండి. మగ సర్వర్‌తో టేబుల్ మార్పించడం మీ హక్కు, దానికి సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. పని స్థలంలో లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. పనిచేసేచోటికి వచ్చే బయటివాళ్ళ నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని బాధ్యత. అంతకన్నా చిన్న చోట్ల పనిచేసేవాళ్ళు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యొచ్చు. తెలంగాణలో మహిళల రక్షణకు పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, ఎక్కడున్నా మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112.

తోటి మగ సర్వర్లకు ఒక మాట: ఆమె వచ్చి చెప్పేదాకా ఆగకండి. చూశారంటే మీరే వెళ్ళి ఆ టేబుల్ తీసుకోండి.

వేషం, శుభ్రత టిప్పును ఎంతవరకు మారుస్తాయి?

చాలా. గోళ్ళు, చొక్కా కాలర్, నోటి వాసన. గుట్కా, సిగరెట్ వాసనతో ప్లేటు పెడితే ఆ తిండి మీద ఇష్టమే పోతుంది. బ్రేక్ షిఫ్ట్ (మధ్యలో విరామంతో రెండు పూటలా పని) చేసేవాళ్ళు మధ్యాహ్నపు చొక్కాతో సాయంత్రం రాకండి, రెండో జత ఉంచుకోండి.

టిప్పు మీద ఆదాయపు పన్ను కట్టాలా?

టిప్పు కూడా ఆదాయమే. ఐటీసీ కేసులో 2016లో సుప్రీంకోర్టు, కస్టమర్లు ఇచ్చే టిప్పు జీతం కిందికి రాదని, హోటల్ దానిమీద టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కొయ్యనక్కర్లేదని చెప్పింది. అది ఉద్యోగికి ఇతర ఆదాయం కింద లెక్కకు వస్తుంది. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి ఏడాదికి 12 లక్షల దాకా పన్ను పడకుండా రిబేటు ఉంది కాబట్టి మనలో ఎక్కువమందికి కట్టాల్సింది ఏమీ ఉండదు. యూపీఐలో టిప్పు వస్తే ఖాతాలో కనపడుతుందని భయపడకండి. బ్యాంకులో లోను అడిగేటప్పుడు ఆ వరస జమలే మీకు పనికొస్తాయి.

అమెరికా నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ ఇస్తారెందుకు? నేను అక్కడికి వెళ్తే?

అక్కడ బిల్లులో 15 నుంచి 20 శాతం ఇవ్వడం అలవాటు. కారణం అక్కడి వేతన చట్టం. టిప్పు వచ్చే ఉద్యోగులకు యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలని ఫెడరల్ చట్టం 1991 నుంచి చెప్తోంది. మామూలు కనీస వేతనం 7.25 డాలర్లు కావాలి కాబట్టి తేడా టిప్పులతో నిండాలి, నిండకపోతే యజమాని ఇవ్వాలి. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో ఈ మినహాయింపు లేదు. ఆ అలవాటుతోనే డిసెంబర్, సంక్రాంతి రోజుల్లో ఇక్కడికి వచ్చిన కుటుంబాలు ధారాళంగా ఇస్తాయి. పిల్లలకు కారం తక్కువ, సీసా నీళ్ళు, శుభ్రమైన చెంచాలు, వాళ్ళకు ముఖ్యమైనవి ఈ మూడే.

చదువుకోవడానికి ఎఫ్-1 వీసా మీద వెళ్ళే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు: అనుమతి లేకుండా క్యాంపస్ బయట రెస్టారెంట్‌లో పనిచెయ్యడం ఆ వీసాకు విరుద్ధం, నగదుగా ఇచ్చినా సరే. క్యాంపస్‌లోని డైనింగ్ హాల్లో, క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల దాకా చెయ్యొచ్చు.

"టిప్పులు వస్తాయిగా" అని జీతం తగ్గిస్తున్నారు. ఏం చెయ్యాలి?

అమెరికాలోలా టిప్పును జీతంలో సర్దుకునే ఏర్పాటు మన వేతన చట్టంలో లేదు. జీతం యజమాని ఇచ్చేది, టిప్పు కస్టమర్ ఇచ్చేది. చేరేరోజే మూడు సంగతులు అడిగి తెలుసుకోండి: జీతం ఎంత, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా, టిప్పు డబ్బా ఎవరి దగ్గర ఉంటుంది, ఎలా పంచుతారు. మీ రాష్ట్రంలో హోటళ్ళు, రెస్టారెంట్లకు ప్రకటించిన కనీస వేతనం ఎంతో కార్మిక శాఖ కార్యాలయంలో చెప్తారు. అంతకన్నా తక్కువ ఇస్తుంటే అక్కడే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. జీతం చీటీలు, బ్యాంకు జమల కాగితాలు దాచుకోండి. ఒక్కరే వెళ్ళే కన్నా నలుగురు కలిసి వెళ్ళండి.